నాగమ్మ వేషం

రెంటచింతల అనగానే ఎవరైనా ముందు విసనకర్ర కోసం చూస్తారు. వేసవి వచ్చిందంటే చాలు, రేడియో వార్తల చివర మా ఊరి పేరు వినపడేది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందయ్యా అంటే రెంటచింతలలో! బి.ఏ. చదివే రోజుల్లో హాస్టలు అమ్మాయిలు నన్ను "ఏమే, నిప్పుల కుంపటీ" అని పిలిచేవాళ్ళు. మా ఊరికి ఇంకే గొప్పా లేదా అని చిన్నబుచ్చుకునేదాన్ని. ఇప్పుడేమో పేపర్లో 46, 47 డిగ్రీలని మా ఊరి పేరు పడితే, దగ్గర బంధువు ఫొటో పడినట్టు పక్కింటావిడకి తీసుకెళ్ళి చూపిస్తున్నాను. మనిషి బుద్ధి ఎలా మారుతుందో చూడండి!

మొన్న ఫిబ్రవరిలో, నేను అ ఆలు దిద్దుకున్న ప్రాథమిక పాఠశాల నుంచి ఫోను వచ్చింది. వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా రమ్మని. నా నవలలు చదివారు కాబోలని మురిసిపోయాను. "పాత అడ్మిషను రిజిస్టరులో మీ పేరు కనపడిందండీ. ఈ బడిలో చదివి పేపర్లో పేరు పడ్డవాళ్ళు మీరొక్కరే" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. నవలల సంగతి ఆవిడ ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదనుకోండి.

పండగ మార్చి మొదటి వారంలో. ఏం మాట్లాడాలో, పిల్లలకు ఏం పట్టుకెళ్ళాలో కనుక్కుందామని ముందొకసారి వెళ్ళొచ్చాను.

బడికి రంగులు వేశారు. ఫ్యాన్లు ఉన్నాయి, నీళ్ళ కుళాయిలు ఉన్నాయి. మా రోజుల్లో గోనెసంచి మీద కూర్చుని పలకలు తుడుచుకునేవాళ్ళం. వేపచెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట. నేను రెండో మూడో తరగతిలో ఉండగా 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' అని ఢిల్లీ నుంచి ఒక పథకం వచ్చింది. 1987లో మొదలైందది. బడికి రెండు గదులైనా ఉండాలి, ఇద్దరు మాస్టర్లయినా ఉండాలి, బోధన సామగ్రి ఇవ్వాలి అని దాని ఉద్దేశం. మాకూ ఒక పెట్టె నిండా సామాను వచ్చింది. పిల్లలు పాడుచేస్తారని దానికి తాళం వేశారు. ఆ పెట్టెలో ఏముందో నేను ఐదో తరగతి పాసయ్యేదాకా తెలియలేదు. ఇప్పటికీ తెలియదు!

వరండాలో నల్లబల్ల మీద "రాబోయే కార్యక్రమాలు" అని సుద్దముక్కతో గుండ్రంగా రాశారు. 21న మాతృభాషా దినోత్సవం. 28న సైన్సు దినోత్సవం. తల్లిదండ్రుల కమిటీ సమావేశం. వార్షికోత్సవం, దాని కింద "నాటకం: పల్నాటి యుద్ధం". మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. ఆ చివరి వాక్యం కింద ఎవరో పిల్లవాడు చిన్న సూర్యుణ్ణి గీసి, వాడికి పళ్ళు కూడా పెట్టాడు.

నాటకం అన్న మాట చూసి నిలబడిపోయాను. ఆ నాటకం మా కాలంలో మా టీచరుగారు తెల్లకాగితాల మీద రాసి, దారంతో కుట్టినది. ఆ ప్రతి ఇంకా బీరువాలో ఉందట. మా ప్రాంతపు పిల్లలకు ఆ కథ వేరే చెప్పక్కర్లేదు. బ్రహ్మనాయుడిది మాచర్ల, నలగామరాజుది గురజాల, రైలెక్కితే ఇటొకటీ అటొకటీ, మధ్యలో మా స్టేషను. కార్తీకమాసంలో కారంపూడి వీరుల తిరునాళ్ళకు వెళ్ళని ఇల్లుండదు.

"మూడేళ్ళుగా నాటకం లేదండీ" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. 2022లో 3, 4, 5 తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళలో కలపమని ఉత్తర్వు వచ్చింది కదా, ఇక్కడ ఒకటీ రెండూ మాత్రమే మిగిలాయట. ఆ పసివాళ్ళకు బ్రహ్మనాయుడి వేషం వేస్తే మీసం బరువుకే పడిపోతారు! 2025లో ఆ ఉత్తర్వు రద్దయ్యాక పెద్ద తరగతులు తిరిగొచ్చాయి. వాళ్ళతోపాటే నాటకమూ.

"అంతా బాగానే ఉంది గానీ, నాగమ్మ వేషం వేసే పిల్ల నాలుగు రోజులుగా రావడం లేదు. మిరపకాయ కోతలకు పోతోంది. వేరే పిల్లకు ఇచ్చేద్దామనుకుంటున్నాను" అన్నారావిడ.

నా చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయింది.

మిరప కోతలంటే తెలియని వాళ్ళకు ఒక మాట. సంక్రాంతి నాటికి ఊపందుకుంటాయి, వేసవి దాకా సాగుతాయి. చేలన్నీ ఒక్కసారే ఎర్రబడతాయి, కూలీలు చాలరు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. కాయ తెంపి తెంపి వేళ్ళు భగ్గుమంటాయి. ఆ చేత్తో పొరపాటున కన్ను నులుముకున్నారా, ఆ రాత్రి నిద్ర లేదు. హెడ్మిస్ట్రెస్ గారు పొద్దున్నే గుడిసెల వెంట తిరిగి పిల్లల్ని పిలుచుకొస్తారట. ఆవిడ బడికి ఆ రోజుల్లో ఈ ఊరి పిల్లలు కొందరు తగ్గుతారు, వలసవాళ్ళ పిల్లలు కొందరు పెరుగుతారు.

1989లోనూ ఇదే నాటకం, ఇదే కాలం. నేను నాలుగో తరగతి. నాగమ్మ వేషం నా పక్కన కూర్చునే పిల్లది. ఏం గొంతు దానిది! నాది విసనకర్ర పట్టుకునే చెలికత్తె వేషం, మాటల్లేవు. రెంటచింతలలో విసనకర్ర పట్టడం చిన్న పనేం కాదు గానీ, నాకు మాత్రం ఏడుపొచ్చేది. కోతలు రాగానే వాళ్ళమ్మ దాన్ని చేనుకి తీసుకుపోయింది. పోతూ పోతూ నాతో, "నాటకం రోజుకి వచ్చేస్తా. మాటలన్నీ వచ్చేసినై. టీచరుగారికి చెప్పవే" అంది.

నేను చెప్పలేదు. రెండు రోజులాగి, "అది రాదంటండీ" అన్నాను. నాగమ్మ వేషం నాకిచ్చారు. నాటకం రోజున అది తల దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. నన్ను కిరీటంతో చూసి, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పదిహేను నవలలు రాశాను, ఈ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇదంతా హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పలేక, "ఆ పిల్లకే ఉంచండి" అని మాత్రం అన్నాను. "మాటలు రావాలి కదండీ" అన్నారావిడ. న్యాయమే.

అంతలో అన్నం గంట కొట్టారు. 2024 నుంచి ఈ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినవారికల్లా వండి వడ్డించిన ఇల్లాలు. వంటగది ముందు పిల్లలు పళ్ళేలతో వరస కట్టారు. వడ్డిస్తున్నావిడ నన్ను చూసి కొంగు సర్దుకుని, "బాగుండారా అమ్మా?" అంది. గొంతు వినగానే తెలిసిపోయింది. మనిషి ఎండిపోయింది, గొంతు ఎండలేదు.

"మీరేమిటే, నువ్వు అను" అన్నాను. నవ్వి, మళ్ళీ మీరే అంది.

పిల్లలు తింటుంటే పొయ్యి పక్కన కూలబడి చెప్పేశాను. అబద్ధం చెప్పానని. ముప్పై ఏడేళ్ళ నాటి మాట. అది గరిటె కడుగుతూ వింది.

"తెలుసులే. ఆ ఏడు కోతల డబ్బుతో మా అమ్మ నాకు వెండి పట్టీలు కొనింది. నాటకం ఎవరికి గుర్తుంటది?" అంది.

నేనేం మాట్లాడలేదు. గరిటె బోర్లించి, కాసేపాగి, "నువ్వు ఆ రోజు నలగామరాజు దగ్గర రెండు మాటలు మింగేసినావు" అంది. ఆ రెండు మాటలూ చెప్పింది. తర్వాత వాటి ముందువీ, వెనకవీ. కోడిపందెం ఘట్టం దాకా వచ్చేసరికి లేచి నిలబడింది. గుడ్డు ఒలుచుకుంటున్న పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గదిలోంచి హెడ్మిస్ట్రెస్ గారు బయటికొచ్చారు.

"ఆ పిల్ల మా వీధిలోదేనండి. పొద్దుగూకి చేను నుంచి వచ్చినాక నేను నేర్పుతా" అంది ఆవిడతో, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆవిడ నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, నాటకం పక్కన రాసిన రిహార్సలు వేళ చెరిపేసి, "సాయంత్రం ఏడు గంటలకు" అని రాశారు.

"పప్పు చల్లారిపోతంది. నువ్వు కూడా పళ్ళెం పట్టు" అంది నాతో.