దౌల్తాబాద్ దారిలో రెండు పాములు

పిల్లలూ! దౌల్తాబాద్ అనగానే మీకు తుగ్లక్ గుర్తుకు వస్తాడు. 1327లో ఆయన ఢిల్లీ నుంచి రాజధానిని మార్చిన దౌలతాబాద్ మహారాష్ట్రలో ఉన్నది. మనం ఇప్పుడు పోబోయేది అక్కడికి కాదు. మన తెలంగాణలోనే, వికారాబాద్ జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా మరొక దౌల్తాబాద్ ఉన్నది. ఉర్దూలో దౌలత్ అంటే సంపద. ఆ సంపద ఏమిటో చూద్దాం, రండి.

సికింద్రాబాదులో వాడి వైపు పోయే రైలు ఎక్కితే వికారాబాద్ దాటిన తరువాత తాండూరు వస్తుంది. అక్కడ దిగండి. ఎటు చూసినా బండలే! భూమిలో పొరలు పొరలుగా ఉండే ఈ సున్నపురాయిని పలకలుగా తీస్తారు. మీ ఇంట్లో పరిచిన నాపరాళ్ళు ఇక్కడివే కావచ్చు.

వేసవిలో మిట్టమధ్యాహ్నం, చెప్పులు లేకుండా, పొరపాటున ఒక బండమీద కాలు పెట్టారనుకోండి. ‘‘అబ్బా!’’ అనేలోగానే కాలు పైకి లేస్తుంది. లేవమని దానికి ఎవరు చెప్పారు? మీరు చెప్పలేదు. మీ మెదడు కూడా చెప్పలేదు. చెప్పినది వెన్నుపాము!

ఇది మన దారిలో మొదటి పాము. భయపడకండి, ఇది కరిచే పాము కాదు. వెన్నెముక లోపల భద్రంగా ఉండే నాడీతాడు. పెద్దవాళ్ళలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవుంటుంది. అరికాలి నుంచి ‘‘కాలుతున్నది’’ అనే వార్తను జ్ఞాననాడులు వెన్నుపాముకు తెస్తాయి. ‘‘కాలు తియ్యి’’ అనే ఆజ్ఞను చాలకనాడులు కండరాలకు తీసుకుపోతాయి. దీనినే ప్రతీకార చర్య అంటారు. ఇదంతా జరిగిన తరువాతనే మెదడుకు సంగతి తెలిసి మంట పుడుతుంది.

నాడిలో వార్త ఎంత వేగంగా పోతుందో 1850లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త కప్ప నాడిమీద కొలిచి చూశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు అని తేలింది. మన నాడులలో మిక్కిలి వేగం గలవి సెకనుకు 100 మీటర్లు కూడా దాటుతాయి.

ఇక బస్సెక్కి కొడంగల్ మీదుగా దౌల్తాబాద్ పోదాం. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. అందువల్ల ఈ వైపు బస్సులో తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ కూడా మీ చెవిన పడవచ్చు. ఏది ఏ భాషో పోల్చుకోవడం వెన్నుపాము వల్ల కాదు. అది మెదడు పని. సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడు వినడం, గుర్తుపెట్టుకోవడం, ఆలోచించడం అన్నీ చేస్తుంది. దాని అడుగుభాగాన ఉన్న మజ్జాముఖం మనం నిద్రపోతున్నా ‘‘ఊపిరి పీల్చు, ఊపిరి పీల్చు’’ అని ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది.

దారికి ఇరువైపులా చేలు చూశారా? ఈ ప్రాంతపు సంపద ఇదే. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పంట ఉన్నచోట ఎలుకలుంటాయి. ఎలుకలున్న చోటికి పాములు వస్తాయి. పాములను తినే పాము కూడా ఒకటి వస్తుంది. అదే మన రెండవ పాము, కట్లపాము.

ఇది రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. చీమ కుట్టిందేమో అనుకుని మళ్ళీ నిద్రపోతారు. కాని దాని విషం చాలకనాడుల చివరలను, సరిగ్గా నాడి కండరానికి వార్త అందించే చోటును దెబ్బతీస్తుంది. మెదడు ఆజ్ఞ పంపుతూనే ఉంటుంది, కండరానికి అది అందదు! ముందు కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. మనిషికి తెలివి ఉంటుంది, కాని ‘‘ఊపిరాడటం లేదు’’ అని చెప్పలేడు.

ఏ మంత్రమూ, ఏ పసరూ ఆ నాడులను బాగుచెయ్యలేదు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వల్ల కీడే జరుగుతుంది. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. గుర్రాల రక్తం నుంచి తయారుచేసే విరుగుడు మందును అక్కడ ఎక్కిస్తారు. అవసరమైతే నాడులు కోలుకునేదాకా యంత్రం ఊపిరి పోస్తుంది. సకాలంలో చేరినవారు మళ్ళీ లేచి నడుస్తారు.

దౌల్తాబాద్ వచ్చింది, దిగండి. ఈ రాత్రి ఇక్కడ మీ చుట్టాలింట్లో పడుకుంటే, మంచంమీద దోమతెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. చీకట్లో బయటకు పోవలసివస్తే టార్చి పట్టుకుని, చెప్పులు వేసుకుని పోండి. ‘‘మాకు మంత్రగాడున్నాడు’’ అని అవ్వ అంటే, కోపం తెచ్చుకోకుండా రెండు పాముల కథ చెప్పండి. ఆలోచించే మెదడు ఆమెకూ ఉన్నది గదా!