మూడో బోరు

2009 ఏప్రిల్‌లో కాకినాడకు అవతల, బంగాళాఖాతం అడుగునుంచి గ్యాసు పైకి తెచ్చారన్న వార్త వచ్చిన వారంలోనే, గురజాల దగ్గర మా చేలో మూడో బోరు వేయించాలని నాన్న నిశ్చయించారు. మొదటి రెండింట్లో నాపరాతి పిండి తప్ప చెమ్మ తగల్లేదు. ఆ రెండు చోట్లూ కొబ్బరికాయ పట్టుకు తిరిగేవాడు చూపినవే.

"సముద్రంలో అంత లోతున ఏముందో కనిపెట్టారు గదరా! భూగర్భశాస్త్రం చదివావు, ఈసారి చోటు నువ్వే చూపించు" అన్నారు.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని నాకు తెలిసినదంతా ఆయనకు చెప్పాను. మన నాపరాయి ఒక పురాతన సముద్రపు అడుగు. యాభై కోట్ల ఏళ్ళు దాటినది, గట్టిపడిపోయినది. నీరు దాని పగుళ్ళలోనే ఉండాలి. అక్కడిది వేరు. ఇంచుమించు పదమూడు కోట్ల ఏళ్ళ కిందట అంటార్కిటికానుంచి మన నేల విడిపోయినప్పుడు తీరం పొడుగునా పల్లం పడింది. గోదావరీ కృష్ణలు దాన్ని మట్టితో, ఇసుకతో కిలోమీటర్ల మందాన పూడుస్తూ వచ్చాయి. మన చేల మన్ను కూడా కొంత అందులో ఉండే ఉంటుంది! ఒడ్డుకు దగ్గరగా రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లోనే కనుగొన్నది. 2002లో రిలయన్స్‌కు దొరికినది లోతు సముద్రంలో, నీటి అడుగున ఏరులు పారి పోసిన ఇసుకలో. పైన బంకమట్టి మూత. ధ్వనితరంగాలు పంపితే గ్యాసున్న ఇసుక మెరిసినట్టు కనబడుతుంది.

నాన్న అంతా విని, "మనకు ఆ మెరుపు లేదన్నమాట" అన్నారు. లేదు. అయినా మర్నాడు గర్వంకొద్దీ చోటు చూపించాను.

రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది.

అక్కడా మొదట అలాగే ఉరికింది. రోజుకు ఎనిమిది కోట్ల ఘనపు మీటర్లు వస్తుందనుకున్నారు. 2010లో ఆరు కోట్ల దాకా వెళ్ళి, తగ్గడం మొదలైంది. భూగర్భం అనుకున్నదానికన్న చిక్కుగా ఉందని సంస్థ, బావులు తక్కువ తవ్వారని ప్రభుత్వం వాదులాడుకున్నాయి. ఆ తొలి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. అదే బ్లాకులో తర్వాత వేరే క్షేత్రాలు తెరిచారు. వాళ్ళకు మరో చోటుంది.

మా బోరు మూడో వేసవికి ఎండింది. అప్పు మాత్రం మరి నాలుగేళ్ళు తీర్చాం. నాన్న నన్నొక్క మాట అనలేదు. పిల్లలెవరైనా పడతారేమోనని, గొట్టం మీద నాపరాయి ఒకటి తెచ్చి తనే మూత పెట్టారు.