స్త్రీల సైకిలు పందెము

అమరకోశమున స్త్రీకి జెప్పిన పేర్లలో ‘అబల’ యొకటి. బలము లేనిదని దాని యర్థము. చిన్ననాట మనము దానిని వల్లించితిమి. ఉపాధ్యాయులమై పిల్లలచేత వల్లింపజేయుచున్నాము. ఆ పేరు పెట్టినవారు పరీక్షించి పెట్టిరా, పరీక్షింపకయే పెట్టిరా యని యడిగినవారు అరుదు. ఆంగ్లభాషయందును స్త్రీలను బలము తక్కువైన జాతి యని చెప్పు వాడుక కలదు. రెండు భాషలును చదువుకొన్నవానికి ఇందువలన నొక చిన్న యోదార్పు గలుగును: ఈ యపోహ మన దేశమునకు మాత్రమే చెందిన సొత్తు గాదు.

బలమున్నదో లేదో తేల్చుటకు తర్కము చాలదు, పరీక్ష కావలెను. పరీక్షకు స్థలము కావలెను. ఆ స్థలమును ఎవరిచ్చిరి, ఎన్నడిచ్చిరి, ఎంత కొలతతో నిచ్చిరి యను సంగతులను విచారింపక బలాబలములను నిర్ణయించుట, నీరు లేని చెరువున దింపి యీత రాదని నిందించుట వంటిది. ఈ విషయము నాకు గ్రంథములయందు గాక యొక రహదారి మలుపునొద్ద చక్కగా బోధపడినది.

2019వ సంవత్సరము సెప్టెంబరు 22 మొదలు 29 వరకు ఇంగ్లండు ఉత్తరభాగమందలి యార్కుషైరులో ప్రపంచ సైకిలు పందెములు జరిగెను. 28వ తేది శనివారమున స్త్రీల ప్రధాన పందెము. బ్రాడ్‌ఫర్డు పట్టణమున బయలుదేరి, ఆట్లీ మీదుగా కొండలెక్కి దిగి, హారొగేటు చేరి, ఆ పట్టణము చుట్టును 14 కిలోమీటర్ల వలయమును మూడు మారులు తిరిగి ముగింపవలెను. మొత్తము 149.4 కిలోమీటర్లు. ఆ ప్రాంతమున ఉపాధ్యాయుడనై యుండిన నేను, సెలవుదినమగుటచే, దారి కాచు వాలంటీర్లలో నొకడనై హారొగేటు వలయమున నొక మలుపునొద్ద నిలిచితిని.

వాలంటీరు పని చూచుటకు స్వల్పము. మెరయు పసుపు చొక్కా యొకటి, ఈల యొకటి, చిన్న జెండా యొకటి యిత్తురు. దారి నడుమ దిమ్మె యున్నచోట జెండా నూపి, ఈల వేసి, పందెకత్తెలను హెచ్చరింపవలెను. మొదట పోలీసుల మోటారు సైకిళ్లు వచ్చును, తరువాత నిర్వాహకుల కార్లు, తరువాత పందెకత్తెలు, వారి వెంట మారుచక్రములను మోసికొని జట్ల కార్లు, వైద్యుని కారు, కట్టకడపట, వెనుకబడినవారి నేరుకొనుచు వచ్చు బండి. దీనికి చీపురు బండి యని ముద్దుపేరు. అది దాటిపోవు వరకు పిల్లవాడు గాని, కుక్క గాని, వాహనము గాని దారిలో నడుగిడకుండ చూడవలెను. ఇందొక విచిత్రమున్నది. పందెము వచ్చు క్షణమున కావలివాని దృష్టి పందెముమీద నుండరాదు, జనముమీద నుండవలెను. అందరును మెడలు సాచి చూచుచుండగా వాడొక్కడు దారికి వెన్ను చేసి, చెవులతో పందెమును చూచును. నూటికి పైగా సైకిళ్లు ఒక్కుమ్మడిగా ప్రక్కనుండి పోవునపుడు గండుతుమ్మెదల గుంపు కదలినట్లుండును.

పందెము రాకముందు రొట్టెల బండివాడొకడు ప్రక్కవీథినుండి వచ్చి కంచెయొద్ద బండి నిలిపెను. “ఆడవాళ్ల పందెమే కదా! ఇంకను రాలేదు కదా! ఒక్క నిమిషము కంచె తీయవయ్యా. రేపు మగవాళ్ల పందెమునాడు నేనిట్లడుగను” అనెను. “అయ్యా, నేటికిని రేపటికిని నాకిచ్చిన యుత్తరువు ఒక్కటే” అంటిని. ఆతడు గొణుగుకొనుచు బండి త్రిప్పుకొని పోయెను. ఆతడు దుర్మార్గుడు గాడు. ఆతని రొట్టెలు చల్లారుచుండెను. అయినను ఆతడు పలికిన ‘కదా’ యను మాట నన్ను విడువలేదు. స్త్రీలకు సంబంధించిన ప్రతి కార్యమునకును ఈ ‘కదా’ను తగిలించుట లోకమున కలవాటు. ఆడపిల్ల చదువే కదా, ఆడదాని సంపాదనే కదా, ఆడవారి యాటే కదా. ఎదిరించి కాదనువానికి బదులు చెప్పవచ్చును. ‘కదా’ యనువాడు మనతో నేకీభవించినట్లే కనబడి, దారిని మాత్రము మూసిపోవును.

మా సంభాషణమును విన్న వృద్ధురాలొకతె కంచె కావల మడతకుర్చీలో కూర్చుండెను. ఎనుబది యేండ్లకు తక్కువ గాదు. “నాయనా, బెరిల్ పోవునపుడు దారి మూసినవారు లేరు. లారీల నడుమనే పోయెడిది” అనెను. ఆ మండలమున బెరిల్ అని యన్నచో ఇంటిపేరు చెప్పనక్కరలేదు.

బెరిల్ బర్టన్ 1937లో లీడ్సు పట్టణమున జన్మించెను. బాల్యమున కీళ్లవాతపు జ్వరముచే నెలల తరబడి ఆసుపత్రిలో నుండిన బాలిక. పెద్దదైన పిదప తోటలో పొలముపని చేసి బ్రదుకుచు, మిగిలిన ప్రొద్దున సైకిలు త్రొక్కి, 1960లోను 1967లోను ప్రపంచ రహదారి పందెములను గెలిచెను. 1967లోనే ఆట్లీ సైకిలు సంఘమువారు పన్నెండు గంటల పందెము నొకటి జరిపిరి. ఎవరెంత దూరము పోగలరో యదియే గెలుపు. పురుషులు ముందు బయలుదేరిరి. ఆమె వెనుక బయలుదేరెను. ఆనాడు మైక్ మక్నమారా యను నాతడు 276.52 మైళ్లు పోయి పురుషులలో నంతవరకు నెవ్వడును పోని దూరము పోయెను. బెరిల్ పోయిన దూరము 277.25 మైళ్లు, అనగా 446 కిలోమీటర్లు. నడుమ నాతనిని దాటిపోవుచు ఆమె తన జేబునుండి అతిమధురపు మిఠాయి తీసి యాతనికిచ్చెనట, ఆతడు పుచ్చుకొనెనట. ఓడించినవారి చేతి మిఠాయి తినుటకును మంచి మనసు కావలెను గనుక, ఈ కథలో నాకు ఇరువురును నచ్చుదురు. 1969 వరకు ఏ పురుషుడును ఆమె దూరమును మించలేదు.

ఇట్టి యామెకు ఒలింపిక్ పందెములలో చోటెక్కడ? పురుషులకు 1896లో ఏథెన్సు నగరమునందే ఒలింపిక్ సైకిలు పందెము లుండెను. స్త్రీలకు మొదటి మారు 1984లో లాస్ ఏంజిలెసునందు కలిగెను. అప్పటికి బెరిల్ వయస్సు నలుబదియేడు. ఆమె ఓడిపోవుటకును అవకాశము లేకపోయెను.

ఇక నాటి పందెము. సైకిలు పందెమున పెద్ద శత్రువు గాలి. గుంపులో పోవువారు ముందున్నవారి చాటున దాగి, తక్కువ శ్రమతో సమానవేగమున పోగలరు. ఒంటరిగా ముందుకు పోయినవారికి ఆ చాటు లేదు. గాలినంతయు తామే చీల్చుకొనవలెను. వెనుకనున్నవారు వంతులవారీగా ముందునకు వచ్చి తరుముచుందురు. కావున తెలివిగలవారు ఒంటరి ప్రయత్నమును కడపటి కొన్ని కిలోమీటర్లకు దాచుకొందురు. ఆనాడు నెదర్లాండ్సు దేశస్థురాలగు అన్నెమీక్ వాన్ వ్లూటెన్ లాఫ్ట్‌హౌస్ అను గ్రామపు కొండమీద, ఇంకను నూరు కిలోమీటర్లకు పైగా దారి మిగిలియుండగా, అందరిని విడిచి ముందుకు పోయెను. ఆమె వయస్సు ముప్పదియారు. మూడేండ్లకు ముందు, 2016 ఒలింపిక్ పందెమున, రియో నగరమున, గెలుపు దాదాపు చేతికి చిక్కిన సమయమున కొండ దిగుచు పడి, వెన్నెముక మూడుచోట్ల చిట్లిన స్త్రీ యీమె. ఆనాడు ఆమె పడిపోగా గెలిచినది ఆమె దేశస్థురాలే యగు అన్నా వాన్ డర్ బ్రెగ్గెన్.

ఆ వాన్ డర్ బ్రెగ్గెనే యిప్పుడు వెనుక తరుముచున్నవారిలో నుండెను. కాని తరుముటలో ఆమె వంతు తీసికొనలేదు. తన జట్టులోనిది ముందున్నది గనుక ఆమెను పట్టుకొనుటకు సాయపడుట ధర్మము గాదు. తనకును గెలువవలెనను కోరిక యుండగా, ఆ కోరికను గంటల తరబడి కాళ్లలో నడచుకొని కూర్చుండుట సామాన్యమైన నిగ్రహము గాదు. ఆట్లీలో పుట్టిన లిజ్జీ డైగ్నన్ కూడ ఆ గుంపులో నుండెను. అంతకు సుమారొక యేడు ముందు బిడ్డను కని, మరల పందెములకు వచ్చిన తల్లి. తన యూరిజనమెదుట గెలువవలెనని వచ్చి, తరిమి తరిమి యలసి, వెనుకబడెను.

నా మలుపునొద్దకు వాన్ వ్లూటెన్ మూడు మారులు వచ్చెను. మూడు మారులును ఒంటరిగానే. నియమము ప్రకారము నేను జనమును చూడవలెను, చూచితిని. అందుచే ఆమె ముఖముకంటె ఆమెను చూచినవారి ముఖములే నాకు జ్ఞాపకమున్నవి. మొదటి మారు ఈలలు, కేకలు, చప్పట్లు. రెండవ మారు కొందరు చేతి గడియారములు చూచుకొని, వెనుకవారు పట్టుకొందురని వాదించుకొనిరి. మూడవ మారు కేకలకు ముందొక క్షణము నిశ్శబ్దము కలిగెను. కంచె నానుకొని నిలిచిన పదేండ్ల బాలిక తండ్రి నడిగెను: “నాన్నా, రేపు మగవాళ్లు దీనికి రెట్టింపు పోవుదురట గదా. వీరికెందుకు తగ్గించినారు?” “ఆడవాళ్లు అంత దూరము పోలేరమ్మా” అని తండ్రి ప్రేమతోనే చెప్పెను. ఆ పిల్ల దారివంక చూచి, “ఆమె ఇంకను వేగముగానే పోవుచున్నదే” అనెను. తండ్రి మారు పలుకలేదు. చీపురు బండి పోవువరకు మాటలాడరాదను నియమము నాకు లేదు గాని, నాయొద్దను సమాధానము లేకపోయెను.

వాన్ వ్లూటెన్ నాలుగు గంటలకు కొంచెము పైగా దారిలో నుండి, రెండు నిమిషముల పదునైదు సెకండ్ల ముందుగా గెలిచెను. రెండవది వాన్ డర్ బ్రెగ్గెన్. మూడవది ఆస్ట్రేలియా దేశస్థురాలు అమండా స్ప్రాట్.

మరునాటి పురుషుల పందెమునకు నిర్ణయించిన దూరము సుమారు 280 కిలోమీటర్లు. భారీ వర్షముచే దారులు మునిగినందున దానిని సుమారు 260కి తగ్గించిరి. వాన వచ్చినపుడు పురుషుల దూరము తగ్గించిన వారిని బలహీనులనినవారు లేరు. అది వివేకమనిరి, నిజముగా వివేకమే. స్త్రీల దూరము తగ్గించుటకు మాత్రము వాన యక్కరలేదు.

ఈ కొలతల చరిత్ర యెట్టిదనగా: స్త్రీలకు ప్రపంచ రహదారి పందెము మొదటిసారి 1958లో ఫ్రాన్సు దేశపు రీమ్సు నగరమున పెట్టిరి, దూరము సుమారు 60 కిలోమీటర్లు. 1984 ఒలింపిక్ పందెమున స్త్రీలకు 79 కిలోమీటర్లు, పురుషులకు 190. 2025లో ఆఫ్రికాఖండమున మొదటిసారిగా రువాండాలో ప్రపంచ పందెములు జరిగినపుడు స్త్రీలకు సుమారు 165, పురుషులకు సుమారు 267. ఒక్కొక్క తరమునకు కొంత పెంచి, పెంచిన దూరమును వారు సునాయాసముగా పూర్తిచేయగా, ‘ఇంతవరకు పోగలరు, ఇంతకు మించి పోలేరు’ అని మరల గీత గీయుచు వచ్చిరి. గీతను దాటినవారిని చూచి గీసినవారు సిగ్గుపడలేదు. గీతను కొంచెము జరిపిరి.

నూట ముప్పదియేండ్లక్రిందట, స్త్రీలు సైకిలెక్కుట క్రొత్తగా నున్నపుడు, ఐరోపా, అమెరికాలలో కొందరు వైద్యులు ఆ శ్రమచే స్త్రీల ముఖములు వికారమగునని హెచ్చరించి, ఆ రోగమునకొక పేరుకూడ పెట్టిరి. అంతకు పూర్వమే, 1874లో, కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పినపుడు, చదువు ఆడుపిల్లలకు చేటు దెచ్చునను భయములు మన దేశమున నిండియుండెను. అచట దేహమునకు చేటు, ఇచట శీలమునకు చేటు. పాఠశాల తెరచిన పిదప బాలికలు చదివిరి. దారి తెరచిన పిదప స్త్రీలు సైకిలు త్రొక్కిరి. వాదములు మాత్రము ఇల్లు మార్చుకొని మరియొక వీథిలో కాపురము పెట్టినవి.

పాశ్చాత్యుల యాటలను మెచ్చుకొనుట సంస్కరణమా యని చదువరులలో కొందరు ప్రశ్నింపవచ్చును. స్త్రీలందరును కొండలమీద పందెములాడవలెనని నా మతము గాదు. పురుషులందరును ఆడుట లేదు గదా. కొందరాడినచో తక్కిన స్త్రీల కష్టములు తొలగునా యందురేని, తొలగవు. కాని ఒకతె దూరమునకు హద్దు పెట్టిన చేయి, వేరొకతె చదువునకును, జీతమునకును హద్దు పెట్టుచున్నది. ఆ క్రీడలోనే చూడుడు. అత్యున్నతశ్రేణి జట్లలో త్రొక్కు స్త్రీలకు కనీస వేతనమను నియమము 2020లో మాత్రమే వచ్చినది. మొదట ఏడాదికి 15,000 యూరోలు. ఫ్రాన్సు దేశము చుట్టు పురుషుల పందెము 1903లో పుట్టినది. దాని నిర్వాహకులు స్త్రీలకు 1984 మొదలు 1989 వరకు నడపి మానివేసి, మరల 2022లో పెట్టిరి. ఆ యేట గెలిచినదియు వాన్ వ్లూటెనే. రాళ్లు పరచిన దారుల పారిస్–రూబే పందెము పురుషులకు 1896లోనే కలదు. స్త్రీలకు 2021లో తొలిసారి పెట్టగా, హారొగేటున అలసి వెనుకబడిన ఆట్లీ తల్లియే ఎనుబది కిలోమీటర్లు ఒంటరిగా పోయి గెలిచెను. నూట యిరువదియైదేండ్లు ఆ రాళ్లు అచటనే యుండెను. స్త్రీల కాళ్లును ఉండెను. నడుమ లేనిది అనుమతి.

కావున దయార్ద్రులై స్త్రీలను పొగడువారికి నేను చేయు మనవి యిది. చప్పట్లు సులభము, కంచెయొద్ద నిలుచుట విసుగు. పొగడ్తకు ఖర్చు లేదు. దారి విడుచుటకు మన రొట్టెలు కొంత చల్లారవలెను. మీ యింట ఆడుపిల్ల చదువునకు గది యొకటి, గంటలు రెండు కావలసియున్నచో, ఆ గంటలలో ఆమెను పనికి పిలువకుడు. పిలువవచ్చినవారిని గడపయొద్దనే నిలుపుడు. ఆమె ఎంత దూరము పోవునో ముందుగా కొలిచి చెప్పకుడు. కొందరు పోవుదురు, కొందరు నడుమ దిగిపోదురు, కొందరు చీపురు బండిలో వత్తురు. అది వారికిని దారికిని నడుమ తేలవలసిన లెక్క.

అమరకోశమును నేను మానుకొనలేదు. మా పిల్లలకు చెప్పుచునే యున్నాను. ‘అబల’ యను పదము వచ్చినపుడు, బలము లేనిది యను నర్థము చెప్పి, దానిని పరీక్షించిన దారుల కొలతలుకూడ నల్లబల్లమీద వ్రాయుచున్నాను.