అది తామర కాదు అమ్మమ్మా

మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక నాకు చిన్నప్పటి నుంచీ దురద. ఇంట్లో దాని పేరు తామర. తామర అంటే అంటుకునేది. అందుకే సెలవులకి కొల్లేరు పక్కన అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తే నా తువ్వాలు వేరు, దుప్పటి వేరు. ప్రేమకి లోటు లేదు కానీ, మావయ్య పిల్లల పక్కన మాత్రం పడుకోనిచ్చేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గేది, మానేస్తే ఇంకా ఎక్కువయ్యేది. ఇంటర్‌లో ఉండగా ఏలూరులో స్కిన్ డాక్టర్ గారు చూసి, ఇది ఫంగస్ వల్ల వచ్చే తామర కాదు, ఎగ్జిమా, ఎవరికీ అంటుకోదు అన్నారు. ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉందట. అమ్మ ఫోన్ చేసి చెప్తే అమ్మమ్మ "సరేలే" అంది. తువ్వాలు మాత్రం వేరుగానే ఉండిపోయింది.

తాడేపల్లిగూడెంలో కాలేజీకి రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళడం మొదలయ్యాక, ఆ ఖాళీలో ఫోన్‌లో ఒక పట్టిక పెట్టా. ఒక వరసలో ఆ రోజు ఉష్ణోగ్రత, ఇంకో వరసలో పదికి ఎంత దురద. ఎండతో పాటే దురద పెరుగుతుందనుకున్నా. ఏడాది తర్వాత గ్రాఫ్ గీస్తే పాత నులక మంచంలా వచ్చింది: రెండు చివరలా ఎత్తు, మధ్యలో పల్లం.

ఒక చివర మే నెల. 40 డిగ్రీల ఎండ ఒక్కటే అయితే చెమట ఆరిపోయేది. మా వైపు కొల్లేరు, కాలవలు, చేపల చెరువులు. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, మడతల్లోనే నిలిచి మండుతుంది. రెండో చివర డిసెంబరు, జనవరి. చలిగాలిలో తేమ తక్కువ, చర్మంలో నీళ్ళు లాగేస్తుంది. మామూలు చర్మం గట్టి గోడలా తట్టుకుంటుంది. నాలాంటి వాళ్ళది బీటలు వారిన గోడ. దాన్ని కట్టడానికి పనికొచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది.

అన్నిటికంటే పెద్ద అంకె మాత్రం భోగి రోజుది. పదికి తొమ్మిది. అంతకంటే చలి రోజులు వేరే ఉన్నాయి. మరి ఆ రోజేం జరిగింది? భోగిమంట పక్కన గంటసేపు, తర్వాత కాగులోంచి తోడిన పొగలు కక్కే నీళ్ళు, ఒళ్ళంతా నలుగుపిండి రుద్దుడు. అంటే చలి కొంత చేసింది, చలికి మేం చేసిన మర్యాద మిగతాది చేసింది. నాకు కావాల్సింది గోరువెచ్చని నీళ్ళు, ఒళ్ళు అద్దుకోగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్.

ఆ రాత్రి అమ్మమ్మకి గ్రాఫ్ చూపించి ఇదంతా చెప్పా. మంచం పోలిక దగ్గర నవ్వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"అయితే పిల్లలకి అంటుకోదా?"

"అంటుకోదు అమ్మమ్మా. అది తామరే కాదు."

ఇంకేం అనలేదు. కాసేపటికి చూస్తే నా దిండు పిల్లల మధ్యలో ఉంది.

పొద్దున్నే నా బకెట్లో చెయ్యి పెట్టి చూసి, ఇంకో రెండు చెంబులు చన్నీళ్ళు కలిపింది.