బండి ఆత్మకూరు: వెలుగు పండు నేల

నంద్యాలనుండి వెలుగోడు వైపు పోవు బస్సెక్కినచో ఒక గంటలోపుననే బండి ఆత్మకూరు చేరవచ్చును. ఆత్మకూరను పేరుగల యూళ్లు తెలుగుదేశమున పెక్కు గలవు. ఈ జిల్లాలోనే శ్రీశైలము పోవు దారిలో మఱియొక ఆత్మకూరున్నది. అందుచేత ఇచ్చటివారు ‘బండి’ యను మాటను విడువక చెప్పుదురు. తూర్పున నల్లమల కొండలు నీలిగోడవలె నిలిచియున్నవి. వాని పాదమున ఓంకారమను శివక్షేత్రము. కార్తీకమాసము వచ్చినదన్న చుట్టుపట్ల ఆడువారందఱు దీపములు వెలిగించుటకు అచ్చటికి పోవుదురు. పడమట కుందూనది. నడుమ నల్లరేగడి, కాలువలు, వరిమళ్లు.

నేను పోయినది వరికోతల దినములలో. రోడ్డున సగము మేర ధాన్యము ఆరబోసి యుండెను. బస్సులును ఆ గింజలకు మర్యాద చేసి ప్రక్కకు తొలగి పోవుచుండెను. నంద్యాల సోనా యని మనము పేరుపెట్టి కొను సన్నబియ్యము ఈ చుట్టుపట్ల పండునదియే. బియ్యము కడిగి యెసటిలో పోయునపుడు ఆ గింజ ఏ నీట పండెనో మనమడుగము.

అది కృష్ణ నీరు. శ్రీశైలము జలాశయమునుండి పోతిరెడ్డిపాడు తూములగుండ బయలుదేరి, బనకచెర్ల దగ్గఱ దారులు చీలి, వెలుగోడు జలాశయమున నిలిచి, అచ్చటినుండి తెలుగుగంగ కాలువయై ఈ పొలములను తడుపుచు కడపవైపు సాగిపోవును. అదే నీరు ఈ దారి పట్టక ఆనకట్టకడనే దిగినచో, కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున భూగర్భములో 900 మెగావాట్లు ఈయగల యంత్రములను త్రిప్పి కరెంటగును. ఒకే నీరు; ఇటు వచ్చిన అన్నము, అటు పోయిన దీపము. నెహ్రూగారు 1963లో పునాదిఱాయి వేసిన ఆ యానకట్టకడ మొదటి యంత్రము తిరిగినది 1982లో. ఇంతకాలము ఈ ప్రాంతపు ఇల్లాండ్రకు కరెంటుతో గల చుట్టరికము మోటారు ఎప్పుడు తిరుగునో, దీపము ఎప్పుడు పోవునో అని కనిపెట్టుకొని యుండుటయే. ఇప్పుడు కరెంటు వారి పొలిమేరలోనే పుట్టుచున్నది.

కుందూనది దాటి పడమటికి పోయిన గడివేముల మండలము. అందలి గని గ్రామమునకును, ఓర్వకల్లు మండలములోని శకునాలకును నడుమ, సుమారు 5,900 ఎకరముల నేలపై 1,000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో పూర్తియైనది. ఒకేచోటనున్న వానిలో నాటికి ప్రపంచమున అదియే పెద్దదని పేరొందినది. 40 లక్షలకు మించిన పలకలు వరుసలుగా సూర్యునివైపు వాలి యుండును. దూరమునుండి చూచువారికి నిండుచెఱువువలె తోచును. మయసభలో నేలను చూచి నీరని భ్రమించిన దుర్యోధనుని తప్పేమియు లేదనిపించును.

ఇంకను దక్షిణముగా, పాణ్యము మండలములోని పిన్నాపురము కొండలమీద మఱియొక పెద్దపని తలపెట్టిరి. 2022 మే నెలలో దానికి శంకుస్థాపన జరిగినది. మిట్టపై ఒక జలాశయము, పల్లమున ఒక జలాశయము. పగలు ఎండ మెండుగా నున్నపుడు సోలారు కరెంటుతో నీటిని పైకి తోడుదురు. చీకటి పడి, ఇంటింట దీపములు, వంటింట మిక్సీలు ఒక్కమాఱు మొదలైనపుడు ఆ నీటిని క్రిందికి వదలి కరెంటు తీయుదురు. మిద్దెమీది తొట్టిని పగలు నింపుకొని రాత్రి వాడుకొనుట మనకు తెలియనిది కాదు. అదే ఉపాయమును 1,680 మెగావాట్ల కొలతకు పెంచిరి. సూర్యుడు మునిగిన తరువాత సోలారు ఏమిచేయునని ఎత్తిపొడుచువారికి ఆ కొండయే జవాబు.

ఇంత వెలుగు పండు నేలలో ఆ వెలుగును నడుపువారు ఎవరు? నేనీ ప్రయాణము చేసినది ఈ ప్రశ్న కొఱకే.

ఇట్టి పనులలో ఒక చిక్కున్నది. కట్టునపుడు వేలమంది కావలెను. గోతులు త్రవ్వవలెను, ఇనుపకాళ్లు నాటవలెను, పలకలు మోయవలెను, తీగలు పఱవవలెను. ఆ పని ఏడాదికో రెండేండ్లకో ముగియును. తరువాత కొద్దిమంది చాలును. అయితే ఆ కొద్దిమంది పని పాతికేండ్లు నిలుచునది. కూలికి పోయినవారికి మొదటి పని దొరకును. విద్య నేర్చినవారికి రెండవది దొరకును. మన యూరి పిల్లలు నేర్వనిచో ఆ రెండవ పనికి ఎచ్చటివారో వచ్చి నంద్యాలలో ఇండ్లు అద్దెకు తీసికొందురు. గడ్డి కోయుటయు, పలకలపై దుమ్ము కడుగుటయు మనవారికి మిగులును. దుమ్ము కడుగుట తక్కువ పని యని నేననను. దుమ్ము పేరినకొలది కరెంటు తగ్గును గనుక అదియు కావలసినదే. కాని మన బిడ్డలకు అదియొక్కటియే యనుట న్యాయము కాదు.

ఆ విద్యయెట్టిదో కొంచెము చెప్పవలెను. ఇంటిలో ఫ్యూజు తీసినచో తీగ చచ్చును. సోలారు పలక అట్లు కాదు. ఎండ యున్నంతసేపు దానిలో కరెంటు పుట్టుచునే యుండును. దానిని ఆర్పు మీట లేదు. పలకలను ఒకదానికొకటి కలిపినకొలది వోల్టులు వందలు దాటి పోవును. ఒక్క ముడి వదులైనను నిప్పు పుట్టును. కనుక ఏ తీగను ఎప్పుడు ముట్టవచ్చునో, ఎప్పుడు ముట్టరాదో, ఏ చేతితొడుగు వేసికొనవలెనో, మీటరు ఏమి చెప్పుచున్నదో తెలిసియుండవలెను. వేడిని చూపు కెమెరాతో లక్షల పలకలలో చెడిన దానిని పట్టవలెను. ఇన్వర్టరు ఆగినచో కారణము కనిపెట్టి వ్రాసిపెట్టవలెను. ఇందులో కండబలము పాలు తక్కువ, ఓపిక పాలు ఎక్కువ. పప్పులో ఱాయిని, పాలలో విఱుగును చూపుమాత్రమున పసిగట్టువారికి ఈ ఓపిక చాలదని ఎవ్వరైన చెప్పగలరా?

బండి ఆత్మకూరు బస్సు నిలుచు చోట ఒక తల్లియు కూతురును నా ప్రక్కన కూర్చుండిరి. మాటలలో మాటగా తల్లి యనెను: “పదోతరగతి పాసైందమ్మా. కరెంటు పని నేర్చుకుంటానంటాది. ఆడపిల్లకి కరెంటు పనేంది? ఎవురన్నా వింటే నగరా?”

నవ్వుదురేమో. 1940 ప్రాంతమున మద్రాసులో గిండీ ఇంజనీరింగు కళాశాలలో మన తెలుగుబిడ్డ అయ్యలసోమయాజుల లలిత చేరినపుడును నవ్వినవారుందురు. ఆమె 1919లో పుట్టినది. పదునైదవ యేట పెండ్లి. పదునెనిమిదవ యేట వైధవ్యము. చేతిలో నెలల పసిపాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. కూతురిని వంటింటి మూలను కూర్చుండబెట్టక, కళాశాల పెద్దలను ఒప్పించి, వందలకొలది మగపిల్లల నడుమ చదివించిరి. 1943లో ఆమె చదువు ముగించినది. పట్టా కాగితముపై ‘అతడు’ అని ముద్రించియుండగా దానిని దిద్ది ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చినదట! ఆ మాట తలచుకొన్నపుడెల్ల నాకు నవ్వును వచ్చును, గర్వమును వచ్చును. జమాల్పూరు రైల్వే కర్మశాలలో చేతిపని నేర్చి, పిదప సిమ్లాలోను, కలకత్తాలోను ఉద్యోగము చేసి, భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్తు లైనుల పనిలో ఆమె పాలుపంచుకొన్నది. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభకు పోయివచ్చినది. బిడ్డను బంధువుల అండతో పెంచుకొన్నది. ఈ దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె యొకతె; ఆమె చదువు కరెంటు చదువే.

“ఆమె గొప్పింటి బిడ్డ గదమ్మా, నాయన పంతులాయె,” అనెను తల్లి. ఆ మాటలో నిజమున్నది. అందుచే మనకు దగ్గఱివారి సంగతి చెప్పితిని.

తెలంగాణములో 2019లో జూనియరు లైన్‌మన్ ఉద్యోగములకు ప్రకటన వెలువడినపుడు ఆడువారు దరఖాస్తు చేయరాదనిరి. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చిన సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష హైకోర్టుకు పోయినది. అనుమతి వచ్చినది. ఎనిమిది మీటర్ల స్తంభమును ఒక్క నిమిషములో ఎక్కి దిగవలెనని పరీక్ష. ఆమె ఎక్కి దిగినది. 2022లో ఉద్యోగపు కాగితము చేతికి వచ్చినది. రాజస్థానములోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీవారు, అక్షరము రాని పల్లె స్త్రీలకు, మనుమలను ఎత్తుకొను వయసువారికి సైతము, రంగులగుర్తులతోను చేసైగలతోను సోలారు దీపముల పని నేర్పిరి. ఇట్లనగా చదువక్కఱలేదని కాదు. చేతులార నేర్పువారున్నచో ఎవరైనను నేర్తురని మాత్రమే.

అపాయము లేదని నేను ఆ తల్లితో అబద్ధమాడలేదు. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రములో నిప్పంటుకొన్నది. తొమ్మండుగురు మరణించిరి. వారిలో ఒక యువతి, అసిస్టెంటు ఇంజనీరు. బ్యాటరీల కంపెనీనుండి వచ్చిన పనివారిద్దఱు. ఈ నల్లమలకు ఆవలి ప్రక్కన జరిగిన సంగతి యిది, ఇచ్చటివారు మఱవలేదు. కరెంటు ఆడు మగ యని చూడదు. కనుక బిడ్డను పంపునపుడు జీతమెంతయని యడుగుటకు ముందు, పొగ నిండినపుడు వెలికివచ్చు దారి చూపుదురా, తొడుగులు బూట్లు ఇత్తురా, నేర్వనిదే యంత్రము ముట్టనీయమని కట్టడి చేయుదురా అని అడుగవలెను. ఈ ప్రశ్నలు అడుగుట తల్లుల హక్కు. అడిగినవారిని విసుగుకొను బడిలో పిల్లను చేర్పవద్దు.

దారులు చాలనే యున్నవి. పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను చదువు రెండేండ్లు. సోలారు టెక్నీషియను చదువు ఒక యేడు. పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ డిప్లొమా మూడేండ్లు. నంద్యాలలో ప్రభుత్వ పాలిటెక్నిక్కున్నది. పని నేర్చినవారిని సోలారుకు మలచుటకై కేంద్రప్రభుత్వము 2015లో సూర్యమిత్ర యను మూడు నెలల శిక్షణను మొదలుపెట్టినది. వసతితో కూడిన శిక్షణ యది. పెద్ద కర్మాగారములు అప్రెంటిసులను తీసికొని భత్యమిచ్చి నేర్పవలెనని 1961నాటి చట్టమున్నది. ఇవిగాక పది దినములలో సర్టిఫికెట్టు చేతబెట్టెదమని కరపత్రములు పంచువారును కలరు. వారి గుమ్మము త్రొక్కనక్కఱలేదు. చేతికి స్క్రూడ్రైవరు ఈయక కాగితమిచ్చు చదువు చదువే కాదు.

మఱి మన యిండ్లలో మాఱవలసినదేమి? మగపిల్లవాడు ఫ్యాను విప్పి పాడుచేసిన మురిసిపోవుదుము. ఆడుపిల్ల ఇస్త్రీపెట్టె తీగను సరిచేయబోయిన చేయి కాలునని లాగివేయుదుము. పదునాఱేండ్లకు ఆమెకు భయము, వానికి ధైర్యము ఎట్లు వచ్చినవని ఆశ్చర్యపడుదుము. ఆపైన వసతి యున్నదా, మఱుగుదొడ్డి యున్నదా, చీకటి పడకముందు బస్సున్నదా అను చిన్న సంగతులవల్లనే చాలమంది పిల్లల చదువు ఆగిపోవుచున్నది. వేలకోట్లతో పార్కులు కట్టువారు ఆడుపిల్లలకొక వసతిగృహము కట్టుట కష్టమని నేననుకొనను.

“నంద్యాలలో ఉండేదానికి హాస్టలు దొరుకుతాదామ్మా?” అని తల్లి యడిగినది. నవ్వుదురను మాట మఱల రాలేదు. పాలిటెక్నిక్కుకు పోయి విచారింపుమని చెప్పి, ప్రవేశపరీక్ష సంగతియు, ఐ.టి.ఐ. సంగతియు ఒక కాగితముపై వ్రాసి ఇచ్చితిని. పిల్ల దానిని నాలుగు మడతలు పెట్టి పుస్తకములో దాచుకొన్నది. అంతవఱకు నోరు విప్పని పిల్ల అప్పుడు అడిగినది: “అక్కా, ఆ స్తంభం ఎత్తెంత అన్నారు?”

“ఎనిమిది మీటర్లు.”

రోడ్డుకావల కరెంటు స్తంభమున్నది. దానిని అడుగునుండి కొనవఱకు ఒకసారి చూచినది. తల్లి నాతో నవ్వుచు, “చింతచెట్టెక్కి కాయ రాల్చేదంతా ఇదేనమ్మా,” అనెను.