ఏం పెట్టకూడదండీ?

రోగిని ఇంటికి పంపే రోజున మా అమలాపురం వైపు తప్పకుండా వినబడే ప్రశ్న, "ఏం పెట్టకూడదండీ?" ఏం పెట్టాలని అడిగేవాళ్లు అరుదు. డాక్టర్లమూ మాత్రలన్నిటికీ వేళలు రాసి, తిండి దగ్గరికొచ్చేసరికి 'లైట్ డైట్' అని సరిపెడతాం. ఇల్లు చేరేసరికి అది కాస్తా బ్రెడ్డు, బార్లీ, బత్తాయి రసం అయిపోతుంది.

కొత్తపేట అవతల లంక గ్రామం నుంచి నెమ్ముతో వచ్చిన మామ్మగారికి డెబ్బై దాటాయి. జ్వరం దిగింది, ఆక్సిజన్ తీసేశాం, ఎక్స్‌రే శుభ్రపడింది. మూడు వారాలకి కొడుకు ఆవిణ్ణి ఆటోలోంచి ఎత్తుకుని తెచ్చాడు. "మందు పడలేదండీ, లేవలేకపోతోంది." ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. తొడ పట్టుకుంటే ఎముక తగులుతోంది. నిన్న ఏమేం తిన్నారో వరసగా చెప్పించాను: రెండు ఇడ్లీలు, కొబ్బరినీళ్లు, బీరకాయ కూరతో మెత్తటి అన్నం నాలుగు ముద్దలు, రాత్రి పాలల్లో ముంచిన బ్రెడ్డు. మాంసకృత్తులు లెక్కేస్తే 20 గ్రాములు దాటవు. కోలుకునే మనిషికి కిలో బరువుకి రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 45 కిలోల ఆవిడకి 54 గ్రాములకు తగ్గకూడదు. జ్వరం ఉన్నన్నాళ్లూ ఒళ్లు తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. జ్వరం పోయాక కూడా మనం పస్తు పెడితే ఆ కరగడం ఆగదు.

ఇంట్లో లేక కాదు. పాడి ఉంది, పెరట్లో కోళ్లున్నాయి. "గుడ్డు వేడి కదండీ. పప్పు వాతమన్నారు, పెరుగు తింటే మళ్లీ నెమ్ము చేస్తుందన్నారు," అంది కోడలు. ఎవరన్నారో అడగలేదు. ఊరంతా అనే మాటే అది. గుడ్లు రాయబోతే "కార్తీకమాసమండీ" అన్నాడు కొడుకు. సరే, పొద్దున్న రెండు పెసరట్లు, మధ్యాహ్నం గట్టి ముద్దపప్పు, రెండు పూటలా గడ్డపెరుగు, సాయంత్రం సున్నుండ, పడుకునే ముందు గ్లాసుడు పాలు అని మాత్రలు రాసినట్టే వేళలతో రాశాను. పూటపూటకీ మంచం పట్టుకుని పదిసార్లు లేచి కూర్చోమన్నాను. కండకి పని కూడా చెబితేనే తిన్నది అక్కడికి చేరుతుంది. ఆరు వారాలకి రెండు కిలోలు పెరిగింది. మెట్లెక్కడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఇలాంటి నీరసానికి మా వైపు అడిగే మందు, నరానికి ఎక్కించే సీసా. "ఒక్క సీసా ఎక్కించండి, లేచి తిరుగుతాడు." అరలీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీలకు లోపే. ఉత్త సెలైన్‌లో అదీ లేదు. రావులపాలెం నుంచి లారీలకెక్కి పోయే చక్కెరకేళి పండు ఒక్కటి అంతకు తక్కువేమీ ఇవ్వదు, సూది పోటూ ఉండదు. అయినా సీసాకున్న గౌరవం పండుకి రాదు!

తిండిలోని పదార్థమే మందయిన కథ వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డునే మొదలైంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో పోయారు. పేగు దెబ్బతిని, తిన్నది ఒంటపట్టని జబ్బది. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే ఆ జబ్బుకి మందయింది. మామూలు తిండీ మందులా పనిచేస్తుందా అంటే, స్విట్జర్లాండులోని 8 ఆసుపత్రుల్లో, పోషణ లోపించే ప్రమాదమున్న రెండు వేల పైచిలుకు రోగుల మీద జరిగిన అధ్యయనం 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. ఆసుపత్రిలో మామూలుగా పెట్టేది తిన్నవాళ్లలో నెల తిరిగేలోపు నూటికి పదిమంది పోతే, మనిషికి తగ్గట్టు లెక్కగట్టి పెట్టినవాళ్లలో ఏడుగురే పోయారు.

అలాగని అందరికీ మొదటిరోజే క్యారియరు నిండా పెట్టేయకూడదు. రాజోలు వైపు కొబ్బరి దింపు తీసే మనిషొకడు, తాగుడు వల్ల క్లోమం వాచి, పది రోజులు నోట్లో ఏమీ నిలవక చేరాడు. వాంతులు కట్టాయని భార్య సంబరంగా అన్నం, చేపల పులుసు తెచ్చింది. నేనే ఆపించాను. ఎండిపోయిన ఒంట్లో ఒక్కసారిగా అన్నం పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చెరల నుంచి బయటపడ్డవాళ్లు కొందరు కడుపునిండా తిన్నాకే చనిపోయారు. ముందు బి1 ఇంజెక్షన్లు, తర్వాత చాలా కొద్దిగా తిండి, రోజూ రక్తపరీక్ష, మెల్లిగా పెంపు. అతని భార్య నన్ను తిట్టుకునే ఉంటుంది.

అతనికి కోలుకున్నాక ఇంకో తగువు. చెట్టెక్కుతానంటాడు. చేతులు ఆనకుండా గొంతుక్కూర్చుని అయిదుసార్లు లేవమన్నాను. మూడోసారికి గోడ పట్టుకున్నాడు. "ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారండీ?" అన్నాడు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స అయినవాళ్లకి విశ్రాంతి రోజుల్లో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5000 మించకుండా ఇచ్చేలా 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని ఒకటి తెచ్చారు. నన్నడిగితే, మందుల చీటీలో మొదటి వరసలో ఉండాల్సింది అలాంటి డబ్బే. అతన్ని మాత్రం ఇంకో నెల కింద కాయలు ఒలిచే పనిలో పెట్టమని దింపు మేస్త్రికి ఫోన్‌లో చెప్పాను.