టేపు ఆగదు

"బాలే" అన్న మాట మన ఇళ్ళలో కొత్తదేం కాదు. వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాల్ని మనవాళ్ళు చాలామంది "కూచిపూడి బాలే" అనే అనేవారు. తెల్లవాళ్ళ బాలే అంటే మటుకు నాకు తెలిసింది ఒక్కటే - డిసెంబరు నెలలో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళే "నట్‌క్రాకర్". పెద్ద హాలు, ఎక్కడో దూరాన చీమల్లా మనుషులు, సగంలో నాకు కునుకు. అందుకని, కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి "న్యూయార్కులో ఒక చిన్న బాలే ఉంది నాన్నా, వస్తావా?" అని అడిగితే, "చిన్నదైతే కునుకూ చిన్నదే పడుతుంది, పద" అన్నాను.

మన్‌హాటన్‌లో 55వ వీధిలో సిటీ సెంటర్ అనే భవనం ఉంది. పైన గుమ్మటం, గోడలనిండా అరబ్బు నగిషీలు. 1920ల్లో ఒక సంఘం వాళ్ళు తమ సభలకోసం కట్టుకున్నారు. తరవాత న్యూయార్క్ సిటీ బాలే 1948 నుంచి 1964 దాకా అందులోనే ఉండేది. స్ట్రవిన్‌స్కీ రాసిన సంగీతానికి బాలంచిన్ కూర్చిన "అగోన్" 1957లో అక్కడే మొదటిసారి ఆడింది.

మేం వెళ్ళింది ఆ పెద్ద హాలుకి కాదు, లిఫ్టెక్కి పైనున్న రిహార్సలు గదికి. న్యూ చేంబర్ బాలే అన్న బృందం ప్రదర్శన. మీరో మగ్లోయిర్ అనే ఆయన 2004లో మొదలుపెట్టారు. ఆయన జర్మనీలో సంగీతరచన నేర్చుకుని, ఆ తరవాత నాట్యంలోకి వచ్చినవారు. వాళ్ళ నియమం ఏమిటంటే, వాద్యకారులు ఎదురుగా వాయిస్తేనే నాట్యం, రికార్డులు పనికిరావు. వాయించే వాటిలో చాలా మటుకు ఇప్పుడు బతికున్నవాళ్ళు రాసినవి.

తెర లేదు, వేదిక లేదు. గోడల పక్కన కుర్చీలు వేసి మమ్మల్ని కూచోబెట్టారు. నాట్యం చేసే అమ్మాయిలు నాలుగడుగుల దూరంలో. మునివేళ్ళమీద నిలబడేందుకు వాళ్ళు తొడుక్కునే జోళ్ళ ముందుభాగం గుడ్డపొరలు, జిగురు కలిపి గట్టిగా చేసినది. అది నేలకి తగిలినప్పుడు టక్కుమంటుంది. దూరంనుంచి చూసినప్పుడు గాలిలో తేలుతున్నారనుకున్న మనుషులు ఇంత రొప్పుతారనీ, ఇంత చెమటోడుస్తారనీ నాకు తెలియదు.

ఒక మూల వయొలిన్ ఒక్కటే. వాయించే పాట మనం తల ఊపేలాంటిది కాదు. అక్కడొక గీత, ఇక్కడొక గీత, మధ్యలో నిశ్శబ్దం. పావుగంట నాకేం బోధపడలేదు, కాని కునుకూ రాలేదు. అప్పుడొక చిన్న సంగతి జరిగింది. ఒక అమ్మాయి ఒంటికాలి మునివేళ్ళమీద తిరుగుతూ కాస్త తూలింది. వయొలిన్ వాయించేవారు కళ్ళెత్తి చూసి, కమాను తియ్యకుండా ఆ స్వరాన్నే పట్టుకుని ఉండిపోయారు. ఆ అమ్మాయి కుదురుకుంది. అప్పుడు తరవాతి స్వరం వచ్చింది. మొత్తం రెండు సెకన్లు ఉంటుందేమో.

నేను మా అమ్మాయివైపు చూడలేకపోయాను.

ఎందుకో చెప్పాలంటే 1984 ఉగాదికి వెళ్ళాలి. మన సంఘం వేడుక, ఒక హైస్కూలు ఆడిటోరియం. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇత్తడి పళ్ళెం అంచులమీద నిలబడి తరంగం చెయ్యాలి. పాటకి ఇండియానుంచి తెప్పించిన క్యాసెట్టు. టేపురికార్డరు దగ్గర కూచున్నది నేను. సగంలో పళ్ళెం జారింది. పిల్ల కాలు కింద పెట్టి, మళ్ళీ పళ్ళెం ఎక్కేలోపల పాట నాలుగు ఆవృతాలు దాటిపోయింది. దాన్ని అందుకోవాలని పాపం పరుగులు పెట్టింది. అందలేదు. చివరికి మధ్యలోనే నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పాట మాత్రం ఖాళీ వేదికమీద ఆఖరిదాకా మోగింది. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

కారులో ఇంటికొస్తూ నేనన్న మాట: "ఇంకాస్త ప్రాక్టీసు చెయ్యాల్సింది." మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది, కాని మాట బయటికి వచ్చేసింది. ఆ గజ్జెలు మళ్ళీ కట్టలేదు.

ఆ రిహార్సలు గదినుంచి వచ్చాక నేను కొన్ని పుస్తకాలు తిరగేశాను. చిన్న గదిలో, బతికున్నవాడి చేత కొత్త పాట రాయించి ఆడించడం అమెరికాలో ఇవాళ్టి ముచ్చట కాదు. ఎలిజబెత్ కూలిడ్జ్ అనే ఆవిడ ఇచ్చిన డబ్బుతో వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఒక చిన్న హాలు కట్టారు. 1927లో ఆవిడ స్ట్రవిన్‌స్కీకి పని అప్పగించింది. హాలు చిన్నది కాబట్టి నాట్యం చేసేవాళ్ళు ఆరుగురికి మించకూడదు, అరగంటలో అయిపోవాలి. ఆ షరతుల్లోంచే "అపోలో" పుట్టింది. 1944లో అదే హాల్లో మార్తా గ్రాహం నాట్యానికి కోప్లండ్ రాసిన సంగీతం 13 వాద్యాలకే. అంతకుమించితే అక్కడ పట్టరు మరి. అదే "అపలేచియన్ స్ప్రింగ్". మరుసటేడు పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. ఇరుకు గది వాళ్ళకి అడ్డం కాలేదు.

మనకి మాత్రం ఇది తెలియని విద్యా? క్షేత్రయ్య పదాలు తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో వినిపించిననాడు అవి కొత్త పాటలు, రాసినవాడు ఎదురుగా ఉన్నాడు. మన కాలంలో చినసత్యం గారి నృత్యనాటకాలకు పట్రాయని సంగీతరావు గారు సంగీతం కూర్చారు. 1920లో పుట్టి 2021లో పోయిన ఆ పెద్దాయన మన కళ్ళముందు బతికిన స్వరకర్తే. నట్టువాంగం పట్టినవారు, పాడేవారు, మృదంగంవారు నాట్యం చేసే పాదాలవైపు చూస్తూనే పని చేస్తారు. పళ్ళెం జారితే మరో ఆవృతం పాడతారు, సభలో సగంమందికి తెలియను కూడా తెలియదు. ఆ చూసే కళ్ళని ఇండియాలో వదిలేసి, పాటని మటుకు డబ్బాలో పెట్టి తెచ్చుకున్నది మనం.

ఆ రాత్రి రైల్లో తిరిగొస్తూ అమ్మాయిని అడిగాను. "ఆ ఉగాది గుర్తుందా అమ్మడూ?"

"నువ్వు అడుగుతావనే తీసుకెళ్ళాను నాన్నా."

"తప్పు నాది. ప్రాక్టీసుది కాదు. ఆ రోజే చెప్పాల్సింది."

అది కాసేపు కిటికీలోంచి చూసి, "నాకు పాటమీద కోపం రాలేదు. నేను పడ్డానని దానికి తెలియదు కదా. నీకు తెలుసు," అంది. నూవర్క్ వచ్చేదాకా నా చెయ్యి మాత్రం వదల్లేదు.

సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే ఉగాదికి భోజనాల్లో రెండు స్వీట్లు తగ్గించండి. ఆ డబ్బుతో ఒక గాయని, ఒక మృదంగం - అంతకంటె అక్కర్లేదు. హాలు దొరక్కపోతే ఎవరి బేస్‌మెంటైనా సరే, మాది ఖాళీగానే ఉంది. ఇక్కడే పుట్టి సంగీతం చదువుకున్న మన పిల్లల్లో ఎవరైనా ఒక కొత్త పాట కడితే మరీ మంచిది. తల ఊపేలా లేకపోయినా నేను ముందు వరసలో కూచుంటాను. టేపురికార్డరు దగ్గర మాత్రం కూచోను.